ఇంకో చుట్టు తిరిగి రండి

విమానం నడపడం నేర్చుకునేవాళ్ళకు ప్రమాదం ఆకాశంలో కన్నా రన్‌వే మీద ఎక్కువగా ఎదురవుతుంది. అమెరికాలో చిన్న విమానాల ప్రమాదాలను పద్దు కట్టి చూపే నాల్ నివేదికలు ఏళ్ళ తరబడి ఈ మాటే చెబుతున్నాయి. పైలట్ పొరపాటుతో జరిగే ప్రమాదాల్లో అన్నిటికన్నా పెద్ద వాటా ల్యాండింగ్‌ది. అయితే వాటిలో ప్రాణాలు పోయేది చాలా తక్కువ. ఈ రెండో సంగతి వల్ల మొదటిదాన్ని ఎవరూ పట్టించుకోరు. ముందు చక్రం విరిగింది, ప్రొపెల్లర్ వంగింది, పిల్లాడికి మాత్రం ఏమీ కాలేదు, దేవుడి దయ అనుకుని ఊరుకుంటారు. ఇన్సూరెన్స్ కాగితాలు నడుస్తాయి, విమానం షెడ్డుకు పోతుంది, రెండు వారాల తర్వాత అందరూ మర్చిపోతారు. అలా మర్చిపోవడం తప్పని నా అభిప్రాయం. నేర్చుకునే మనసు ఇరుకున పడ్డప్పుడు ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఆగాలో తెలిసి కూడా ఎందుకు ఆగదో ఈ చిన్న ప్రమాదం చూపించినంత స్పష్టంగా మరేదీ చూపించదు. పైలట్ కావాలనుకునేవాళ్ళ కోసమే ఈ అధ్యాయం రాస్తున్నాను. కాక్‌పిట్ ముఖం చూడనివాళ్ళకు పనికొచ్చేది ఇందులో ఏమైనా ఉంటే వాళ్ళే తీసుకోగలరు.

ఒక మామూలు సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. శిక్షణ సంస్థల్లో విరివిగా కనిపించే సెస్నా 172 విమానం. రన్‌వేకి ఎదురుగా తిరిగాక ఫైనల్‌లో ఫ్లాప్స్ దించుకుని సుమారు 65 నాట్ల వేగంతో, అంటే గంటకు 120 కిలోమీటర్లతో రావాలి. మన విద్యార్థి 75 నాట్లతో వస్తున్నాడు. పది నాట్లే కదా అనిపిస్తుంది. కానీ విమానంలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఆ పది నాట్లతో అతను వదిలించుకోవాల్సిన శక్తి మూడో వంతు పెరిగింది. నేల పదిహేను, ఇరవై అడుగుల్లోకి వచ్చింది. ముక్కు మెల్లగా ఎత్తి దిగుదలను ఆపే ఫ్లేర్ మొదలుపెట్టాలి. అతను చేతిలోని యోక్ వెనక్కి లాగాడు. వేగం మిగిలి ఉంది కాబట్టి విమానం దిగడం మానేసి పైకి తేలింది. కంగారుపడి యోక్ ముందుకు నెట్టాడు. చక్రాలు గట్టిగా తగిలాయి, విమానం ఎగిరిపడింది. ఇప్పుడు ముక్కు పైకి ఉంది, వేగం పడిపోతోంది, రెక్కలు మోయలేని స్థితి దగ్గరపడిందని స్టాల్ హారన్ మోగుతోంది, రన్‌వే కిందికి జారిపోతున్నట్టు కనిపిస్తోంది. మళ్ళీ యోక్ ముందుకు నెట్టాడు. ఈసారి ముందు చక్రమే మొదట తగిలింది, విమానం ఇంకా ఎత్తుకు ఎగిరింది. నిండు బిందె ఎత్తుకుని నడిచేటప్పుడు నీళ్ళు ఊగడం మొదలయ్యాక, ఆ ఊపును ఆపబోయి మనం చేసే ప్రతి కదలికా ఒక క్షణం ఆలస్యంగా పడి ఊపును పెంచుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. అతను స్పందించేసరికి విమానం ఇంకో స్థితిలోకి వెళ్ళిపోయి ఉంటుంది. ఇలా రెండు మూడు సార్లు పడ్డాక ముందు చక్రం కాడ తట్టుకోలేక విరుగుతుంది, ప్రొపెల్లర్ నేలను కొడుతుంది. నడుస్తున్న ఇంజిన్ ప్రొపెల్లర్ అలా నేలకు తగిలితే ఇంజిన్ మొత్తం విప్పి చూడాలని తయారీదారుల నిబంధన. మొదటి దెబ్బ నుంచి ఇక్కడి దాకా పట్టింది పది సెకన్లు కూడా కాదు.

ఎగిరిపడిన విమానాన్ని సరిగా సంబాళించుకోలేకపోయాడని రిపోర్టు రాస్తారు. అది అబద్ధం కాదు. కానీ ఇదే కథను వెనక నుంచి చదవండి. రెండోసారి ఎగిరిపడ్డప్పుడు అతని కుడి చెయ్యి థ్రాటిల్ మీదే ఉంది. మొదటిసారి ఎగిరిపడ్డప్పుడూ అక్కడే ఉంది. పైకి తేలినప్పుడూ, ఫైనల్‌లో స్పీడ్ ముల్లు 75 దగ్గర కనిపించినప్పుడూ అక్కడే ఉంది. ఇంకా వెనక్కి వెళితే, రన్‌వేకి అడ్డంగా ఎగిరే బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగేటప్పుడే ఎత్తు ఎక్కువైందని అతనికి తెలుసు. ఆ ఎత్తు తగ్గించుకోవడానికి ముక్కు దించడంతోనే వేగం పెరిగింది. ఇన్నిచోట్ల ఎక్కడైనా సరే థ్రాటిల్ పూర్తిగా తోసి, పైకి లేచి, ఇంకో చుట్టు తిరిగి వచ్చి ఉంటే రాయడానికి రిపోర్టే ఉండేది కాదు. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. ల్యాండింగ్ చెడగొట్టేది చేతి పొరపాటు. చెడిన ల్యాండింగ్‌ను ప్రమాదంగా మార్చేది మాత్రం వదిలేయాలన్న నిర్ణయం తీసుకోకపోవడం. ఈ రెండూ వేర్వేరు విద్యలు. మన దగ్గరా, చాలా దేశాల్లోనూ మొదటిదాన్ని నేర్పుతున్నంతగా రెండోదాన్ని నేర్పడం లేదు.

చేతి విద్యను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది ఎంత నెమ్మదిగా వస్తుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. సర్క్యూట్ అంటే టేకాఫ్ తీసుకుని, రన్‌వే చుట్టూ తిరిగి, మళ్ళీ దిగడం. గంట పాఠంలో ఆరు సర్క్యూట్లు వచ్చాయనుకోండి. ఒక్కో ఫ్లేర్ నడిచేది పది సెకన్లు. అంటే గంటసేపు ఎగిరితే ఆ విద్యార్థి ఫ్లేర్‌ను సాధన చేసింది ఒక్క నిమిషం. ఇరవై గంటల సర్క్యూట్లు చేసినా ఇరవై నిమిషాలే. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో ఎక్కువ భాగం ల్యాండింగ్‌తో సంబంధం లేని ప్రయాణాలకే పోతుంది. కళ్ళను ముక్కు ముందున్న నేల మీద కాకుండా రన్‌వే చివరికి నిలపడం, ఎత్తు అంచనా వేయడం, విమానం నేలకు దగ్గరయ్యాక రెక్కల కింది గాలి దాన్ని మోస్తూ తేలించే తీరు, రడ్డర్ పాదానికి అందాల్సిన ఒత్తిడి, ఇవన్నీ ఇంత తక్కువ సమయంలో ఒంటబట్టాలి. కాబట్టి నేర్చుకునే దశలో చెడ్డ అప్రోచ్‌లు, అంటే రన్‌వే వైపు దిగివచ్చే తీరు చెడినవి, వస్తాయి. రావడం సహజం. వాటిని రాకుండా చేయడం ఏ గురువు వల్లా కాదు. చేతులకు నేర్పు వచ్చేదాకా విద్యార్థిని కాపాడగలిగేది, ఇది చెడింది, వదిలేస్తున్నాను అని తనకు తాను చెప్పుకోగలగడం ఒక్కటే.

మరి ఇలా దిగడం వదిలేసి పైకి వెళ్ళే గో అరౌండ్ నేర్పరా అంటే నేర్పుతారు. అమెరికా నిబంధనల ప్రకారం విద్యార్థిని ఒంటరిగా పంపేముందు చేయించి తీరాల్సిన విన్యాసాల్లో అది ఒకటి. ప్రైవేటు పైలట్ పరీక్షలోనూ దానికి విడిగా ఒక అంశం ఉంది. ఇబ్బంది నేర్పే తీరులో ఉంది. ఫైనల్‌లో రెండు వందల అడుగుల ఎత్తులో ఇన్‌స్ట్రక్టర్ ఉన్నట్టుండి “గో అరౌండ్” అంటాడు. విద్యార్థి థ్రాటిల్ తోస్తాడు, ఫ్లాప్స్ ఎత్తుతాడు, పైకి వెళతాడు. బాగా చేశాడని మార్కు పడుతుంది. కానీ నిర్ణయం తీసుకున్నదెవరు? కుడి సీట్లో ఉన్నాయన. విద్యార్థికి సాధన అయింది చేతుల కదలికల వరుస మాత్రమే. ఏ క్షణంలో వదిలేయాలో తనంతట తాను తేల్చుకునే పని అతను ఒక్కసారి కూడా చేయలేదు. పైగా ఇద్దరూ కలిసి ఎగిరే రోజుల్లో అతనికి తెలియకుండానే ఒక అలవాటు పడుతుంది. ఏదైనా తేడా ఉంటే సార్ చెబుతారు, చెప్పలేదంటే బాగానే ఉన్నట్టు. కుడి సీటు మౌనాన్ని అతను ఆమోదంగా చదవడం నేర్చుకుంటాడు. మొదటి సోలో నాడు ఆ సీటు ఖాళీ అవుతుంది. మౌనం అలాగే ఉంటుంది, దాని వెనక మనిషి మాత్రం ఉండడు. అదే రోజు ఇంకో చిన్న చిక్కు కూడా తోడవుతుంది. డెబ్భై ఎనభై కిలోల మనిషి దిగిపోవడంతో విమానం తేలికై, ఎప్పటికన్నా చురుగ్గా పైకి లేస్తుంది, దిగేటప్పుడు ఇంకొంచెం దూరం తేలుతుంది. అలవాటైన చిత్రం మారిన రోజునే, అలవాటు లేని నిర్ణయం అతని ఒక్కడి మీద పడుతుంది.

ఇది కుర్రతనపు బలహీనత, గంటలు పెరిగితే అదే పోతుందని ఎవరైనా అనవచ్చు. పోదు. విమానయాన భద్రత మీద పనిచేసే ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్ళు ఎయిర్‌లైన్ పైలట్ల అప్రోచ్‌లను పరిశీలించినప్పుడు, నియమం ప్రకారం వదిలేయాల్సిన అప్రోచ్‌లలో గో అరౌండ్‌తో ముగిసినవి దాదాపు 3 శాతమే అని తేలింది. మిగతావాళ్ళంతా ఎలాగో దింపారు. వేల గంటల అనుభవం ఉన్నవాళ్ళు కాబట్టి దాదాపు ప్రతిసారీ బాగానే దిగింది. అసలు గండం అలా బాగా దిగడంలోనే ఉంది. 2010 మే 22న మంగళూరులో జరిగింది గుర్తుందా? దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉండాల్సిన దానికన్నా బాగా ఎత్తులో, ఎక్కువ వేగంతో రన్‌వే మీదికి వచ్చింది. కో పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నాడు. కెప్టెన్ ఆపలేదు. 8,000 అడుగుల పైచిలుకు రన్‌వేలో సుమారు 5,200 అడుగులు దాటాక విమానం నేలను తాకింది. కొండ మీది రన్‌వే అయిపోయింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. పదేళ్ళ తర్వాత, 2020 ఆగస్టు 7న, వాన కురుస్తున్న రాత్రి కోళికోడ్‌లో అదే సంస్థ విమానం దాదాపు సగం రన్‌వే దాటాక నేలను తాకి, చివర ఉన్న లోయలోకి జారింది. 21 మంది పోయారు. అక్కడా పక్క సీటు నుంచి గో అరౌండ్ పిలుపు వచ్చిందని దర్యాప్తు నివేదిక చెప్పింది. కోళికోడ్ పైలట్లు అంతకుముందే ఒకసారి దిగే ప్రయత్నం వదిలేసి పైకి వెళ్ళి, రెండోసారి వచ్చారన్నది గమనించాలి. ఒకసారి సరైన నిర్ణయం తీసుకున్నంత మాత్రాన రెండోసారికి అది చెల్లదు. ప్రతి అప్రోచ్‌కీ నిర్ణయం కొత్తగా పుట్టాలి. రెండోసారి అది ఇంకా కష్టమవుతుంది కూడా, ఎందుకంటే ఇప్పటికే ఒకసారి వదిలేశాం కదా అన్న ఒత్తిడి మనసు మీద ఉంటుంది.

జెట్ విమానాల విషాదాలను తెచ్చి సెస్నా నేర్చుకునే కుర్రాడి ముందు పెట్టడం న్యాయమా అని అడగవచ్చు. పరిస్థితులు వేరు, నిజమే. రెండుచోట్లా మనసు నడిచే దారి మాత్రం ఒకటే. మొదలుపెట్టిన పనిని, గమ్యం కనిపిస్తున్నప్పుడు వదలడం మనిషికి చాలా కష్టం. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒహాయో విశ్వవిద్యాలయంలో నాటకాల సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినవాళ్ళలో కొందరికి పూర్తి ధరకూ, కొందరికి తగ్గింపు ధరకూ అమ్మి చూశారు. ఎవరికి తగ్గింపు దొరికిందన్నది కేవలం అదృష్టం. అయినా సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్ళే ఎక్కువ నాటకాలకు వెళ్ళారు. పెట్టిన డబ్బు ఎటూ తిరిగి రాదు, అయినా అది మనల్ని తోస్తూనే ఉంటుంది. ఫైనల్‌లో ఉన్న విద్యార్థి అప్పటికే డౌన్‌విండ్ తిరిగాడు, బేస్ తిరిగాడు, టవర్ అనుమతి తీసుకున్నాడు. రన్‌వే ఎదురుగా పెద్దదవుతోంది. ఇక దిగడమే మిగిలింది. వదిలేస్తే అంతా మొదటి నుంచి చేయాలి. దానికి తోడు కింద చూసేవాళ్ళున్నారు. తోటి విద్యార్థులు చెట్టు కింద నిలబడి ఎవరి ల్యాండింగ్ ఎలా ఉందో లెక్కపెడుతుంటారు. గంట గంటకూ కట్టే ఫీజు, ఆ ఫీజు కోసం ఇంట్లో చేసిన అప్పు కూడా కాక్‌పిట్‌లో ఎక్కి కూర్చుంటాయి. మన తెలుగు జిల్లాల నుంచి శిక్షణకు వెళ్ళే పిల్లల్లో చాలామంది వెనక బ్యాంకు లోనో, అమ్మిన పొలమో ఉంటుంది. ఒక చుట్టు అదనంగా తిరిగితే ఐదారు నిమిషాల ఖర్చు. ప్రొపెల్లర్ నేలకు తగిలితే విమానం నెలల తరబడి పడుంటుంది, దర్యాప్తు పూర్తయ్యేదాకా ఆ విద్యార్థి శిక్షణ ఆగవచ్చు. ఈ రెండు ఖర్చులనూ పక్కపక్కన పెట్టి చూస్తే సందేహమే లేదు. కానీ ఫైనల్‌లో ఎవరూ వాటిని పక్కపక్కన పెట్టి చూడరు. ఐదు నిమిషాల ఖర్చు కళ్ళెదుట ఉంటుంది, రెండోది ఊహలో కూడా ఉండదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. పట్టుదల నేర్పాల్సిన పుస్తకంలో వదిలేయమని నేర్పడమేమిటి? చిన్నప్పటి నుంచి మనం విన్నదంతా పట్టిన పట్టు విడవకూడదనే. నేను పట్టుదలకు వ్యతిరేకిని కాను. అయితే దేని మీద పట్టు అన్నది తేల్చుకోవాలి. విమానాన్ని క్షేమంగా దింపడం లక్ష్యం. ఈ ఫలానా అప్రోచ్ దానికి ఒక ప్రయత్నం మాత్రమే. లక్ష్యాన్ని పట్టుకున్నవాడు ప్రయత్నాన్ని వదలగలడు. ప్రయత్నాన్నే పట్టుకు వేలాడేవాడు రెండూ పోగొట్టుకుంటాడు. ఇంకో చుట్టు తిరిగి వచ్చి అదే రన్‌వే మీద సరిగ్గా దిగే విద్యార్థిలో పట్టుదల తక్కువని ఎలా అంటాం? అతను చేసేది ఎక్కువ పని.

రెండో అభ్యంతరం దీనికన్నా బరువైనది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. గో అరౌండ్‌లోనూ ప్రమాదాలు జరుగుతాయి, అవి ఎగిరిపడ్డ ల్యాండింగ్‌ల కన్నా ఘోరంగా ఉంటాయి కదా అని అనుభవజ్ఞులు అంటారు. నిజం. నేల దగ్గర, తక్కువ వేగంతో, ఫ్లాప్స్ పూర్తిగా దించి ఉన్నప్పుడు ఒక్కసారిగా పూర్తి పవర్ ఇస్తే ముక్కు బలంగా పైకి లేస్తుంది, ఎందుకంటే ట్రిమ్ నెమ్మది వేగానికి సర్ది ఉంటుంది. విమానం ఎడమకు లాగుతుంది. విద్యార్థి యోక్‌ను ముందుకు అదిమి పట్టకపోయినా, కుడి రడ్డర్ ఇవ్వకపోయినా, కంగారులో ఫ్లాప్స్ అన్నీ ఒకేసారి ఎత్తేసినా స్టాల్ అయి పడిపోయే అవకాశం ఉంది. సెస్నా 172 ఎస్ పుస్తకంలో ఈ వరుస స్పష్టంగా ఉంది. థ్రాటిల్ పూర్తిగా తోయడం, వెంటనే ఫ్లాప్స్ 20 డిగ్రీలకు తేవడం, 60 నాట్లతో ఎక్కడం, అడ్డంకులు దాటేదాకా 10 డిగ్రీలు ఉంచి, ఆ తర్వాతే పూర్తిగా ఎత్తడం. ఇది చదివి గుర్తుపెట్టుకుంటే చాలదు, చేతికి రావాలి. కానీ ఈ అభ్యంతరాన్ని చివరిదాకా పట్టుకుని వెళితే అది నా వాదననే బలపరుస్తుంది. గో అరౌండ్‌లు ఘోరంగా ముగిసేది చాలావరకు అవి ఆలస్యమైనప్పుడు. రెండుసార్లు ఎగిరిపడి, వేగం కరిగిపోయి, రన్‌వే పక్కకు జారుతూ ఉండగా తీసుకునే నిర్ణయానికీ, మూడు వందల అడుగుల ఎత్తులో చేతిలో వేగం, ఎత్తు రెండూ ఉండగా తీసుకునే నిర్ణయానికీ పోలికే లేదు. మంగళూరులో కూడా, చక్రాలు నేలకు తాకి, వేగం తగ్గించే ఇంజిన్ రివర్సర్లు తెరిచాక, ఆఖరి క్షణంలో పైకి లేవాలని చూశారు. అప్పటికి వదిలేయడానికి ఏమీ మిగల్లేదు. ఆలస్యపు గో అరౌండ్ ప్రమాదానికి మందు ముందుగా వదిలేయడం, తరచుగా వదిలేయడం.

ప్రతి చిన్న తేడాకూ పైకి వెళ్ళిపోతే సర్దుకోవడం ఎప్పుడు నేర్చుకుంటాడు అని మూడో ప్రశ్న. సర్దుకోవడం కూడా నేర్చుకోవాలి, ఒప్పుకుంటాను. ఇంజిన్ ఆగిపోయిన రోజు ఇంకో చుట్టు ఉండదు, దొరికిన అప్రోచ్‌నే దింపుకోవాలి. కానీ ఆ పాఠానికి చోటు కుడి సీట్లో గురువు ఉన్నప్పుడు. ఎత్తు ఎక్కువైన అప్రోచ్‌ను, విమానాన్ని పక్కకు వాల్చి జారించే స్లిప్‌తో దించడం, చిన్నగా ఎగిరిపడ్డప్పుడు ముక్కును అదే స్థితిలో పట్టుకుని కొద్దిగా పవర్ ఇచ్చి మళ్ళీ మెల్లగా కూర్చోబెట్టడం ఆయనతో కలిసి పదేపదే చేయాలి. ఒంటరిగా ఎగిరే రోజున గీత వేరే చోట ఉండాలి. అడ్డగాలి సంగతీ అంతే. క్రాస్‌విండ్‌లో చేతి నేర్పే ముఖ్యం, నిర్ణయం కాదనేవాళ్ళు ఉన్నారు. కానీ ఆ గాలిలోకి వెళ్ళాలా వద్దా అన్నది నిర్ణయమే. రన్‌వేకి 30 డిగ్రీల కోణంలో 20 నాట్ల గాలి వీస్తుంటే అడ్డంగా తగిలేది అందులో సగం, 10 నాట్లు. ఈ లెక్క టేకాఫ్‌కు ముందే వేసుకోవచ్చు. సెస్నా 172కు చూపించిన గరిష్ఠ అడ్డగాలి వేగం 15 నాట్లు. అది కంపెనీ పైలట్ చేసి చూపించిన అంకె. ఎనిమిది గంటలు ఎగిరిన విద్యార్థి పరిమితి అందులో సగం కూడా ఉండకపోవచ్చు, తనకు తగిన అంకె ఏదో ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని కాగితం మీద రాసుకోవాలి. నేలను తాకాక కూడా పని అయిపోలేదని ఇక్కడే చెప్పాలి. దిగేశామని పాదాలు వదులు చేసిన క్షణంలోనే గాలి తోకను పట్టి తిప్పి, విమానాన్ని రన్‌వే పక్క గడ్డిలోకి తీసుకెళుతుంది. నడక వేగానికి వచ్చేదాకా ఐలరాన్ గాలివైపు తిప్పి, రడ్డర్ మీద పాదాలు బతికే ఉండాలి.

మరి ఆ క్షణంలో నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఎలా వస్తుంది? ఆ క్షణంలో తీసుకోనక్కర లేకుండా చేసుకోవడం వల్ల వస్తుంది. గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తాను అని ముందే ముడిపెట్టుకున్నవాళ్ళు, ఊరికే చేయాలనుకున్నవాళ్ళ కన్నా చాలా ఎక్కువగా ఆ పని చేస్తారని చూపించాడు. 2006లో ఆయన, షీరన్ కలిసి 94 పరిశోధనలను ఒకచోట చేర్చి చూసినా ఇదే నిలిచింది. కాబట్టి అప్రోచ్ బాగా లేకపోతే వెళ్ళిపోతాను అనుకోవడం దండగ. బాగా లేకపోవడమంటే ఏమిటో ఫైనల్‌లో తేల్చుకోబోతే మనసు ఎప్పుడూ ఇంకొంచెం చూద్దాం అనే అంటుంది. దానికి బదులు అంకెలు పెట్టుకోండి. నేలకు 300 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి విమానం రన్‌వే మధ్యగీతకు సూటిగా లేకపోతే, వేగం అనుకున్నదానికి 10 నాట్లు ఎక్కువ గానీ 5 నాట్లు తక్కువ గానీ ఉంటే, ఫ్లాప్స్ సర్దడం పూర్తి కాకపోతే థ్రాటిల్ ముందుకు. రన్‌వే మొదటి మూడో వంతులో చక్రాలు తాకవని తేలితే థ్రాటిల్ ముందుకు. మనిషి ఎత్తుకు మించి ఎగిరిపడితే, లేదా రెండోసారి ఎగిరిపడితే, ఇంకేమీ చూడకుండా థ్రాటిల్ ముందుకు. ఈ అంకెలు మీ విమానానికీ, మీ రన్‌వేకీ తగినట్టు మీ ఇన్‌స్ట్రక్టర్ మార్చవచ్చు. ముఖ్యం ఏమిటంటే అవి నేల మీదే నిర్ణయమై ఉండాలి, 300 అడుగుల దగ్గర పైకి గట్టిగా చెప్పాలి. “వేగం సరే, సూటి సరే, దిగుతున్నాను” అనో, “వేగం ఎక్కువ, వెళ్ళిపోతున్నాను” అనో. ఒంటరిగా ఉన్నా నోటితోనే అనండి. నోటితో అన్న అంకెను కన్ను అంత తేలిగ్గా దాటిపోలేదు.

ఇన్‌స్ట్రక్టర్లకు నా విన్నపం ఒకటే. మీరు గో అరౌండ్ అని చెప్పే పాఠాల తర్వాత, మీరు చెప్పని పాఠాలు కూడా పెట్టండి. వేగం కావాలనే పది నాట్లు ఎక్కువయ్యేలా చేసి, క్షేమం దాటనంతవరకు మాట్లాడకుండా ఉండి, ఆ విద్యార్థి తనంతట తాను థ్రాటిల్ తోస్తాడేమో చూడండి. ఆ నిర్ణయం రెండుమూడు సార్లు అతని నోటి నుంచి వచ్చాకే సోలోకి పంపండి. అతని లాగ్‌బుక్‌లో ల్యాండింగ్‌ల పక్కనే, సొంతంగా వదిలేసిన అప్రోచ్‌లు ఎన్నో కూడా రాయించండి. కింద చెట్టు దగ్గర నిలబడ్డ తోటివాళ్ళ ముందు ఆ అంకెను మెచ్చుకోండి, నవ్వుకునే విషయంగా మిగలనివ్వకండి. అక్కడి వాతావరణాన్ని మార్చగలిగేది మీరొక్కరే.

కొత్త రన్‌వేలకు వెళ్ళేటప్పుడు ఈ గీతలు ఇంకా బిగించాలి. హైదరాబాద్ బేగంపేటలో, ఒకప్పుడు పెద్ద జెట్‌లు దిగిన పొడవాటి, వెడల్పాటి రన్‌వే మీద ల్యాండింగ్ నేర్చుకున్నవాళ్ళు అమెరికాలో గంటలు పూర్తి చేయడానికి వెళితే, అక్కడి చిన్న ఊళ్ళలో 75 అడుగుల వెడల్పు రన్‌వేలు ఎదురవుతాయి. సన్నటి రన్‌వేని చూసి కన్ను మోసపోతుంది. నిజంగా ఉన్నదానికన్నా ఎత్తులో ఉన్నట్టు అనిపించి, పైలట్ కిందికి కిందికి వస్తాడు, ఫ్లేర్ ఆలస్యమవుతుంది. వెడల్పాటి రన్‌వే మీద దీనికి తలకిందులుగా జరుగుతుంది, మరీ ఎత్తులోనే ఫ్లేర్ మొదలై విమానం పైనుంచి దభీమని పడుతుంది. కాబట్టి కొత్త చోట మొదటి అప్రోచ్‌ను దిగే ఉద్దేశం లేకుండానే చేయండి. తక్కువ ఎత్తులో రన్‌వే పొడవునా వెళ్ళి, చిత్రాన్ని కంటికి అలవాటు చేసుకుని, పైకి లేచి తిరిగి రండి. అలా వస్తామని టవర్‌కు ముందే చెబితే వాళ్ళకు ఇబ్బంది ఉండదు.

చివరగా ఇంధనం. చుట్టు తిరిగి రావాలన్నా, ఇంకో రన్‌వేకి వెళ్ళాలన్నా ట్యాంకులో పెట్రోలు, సాయంత్రానికి ముందు సమయం, మనసులో ఓపిక ఉండాలి. ఇవి మిగలకపోతే పైన చెప్పిన అంకెలన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. నిబంధన అడిగే నిల్వను ముట్టుకోకుండా, కనీసం మూడు సర్క్యూట్లకు, దగ్గర్లోని మరో రన్‌వే చేరడానికి సరిపడా ఇంధనం ఉందో లేదో సోలోకి ముందు లెక్కవేసి, అంకెను మోకాలి ప్యాడ్ మీద రాసుకోండి. రెండుసార్లు వరుసగా వదిలేయాల్సి వస్తే మూడోసారి వెంటనే రాకండి. సర్క్యూట్ ఎత్తులో ఒక చుట్టు ఊరికే తిరగండి, చేతులు వదులు చేసుకోండి, గాలి ఎటు మళ్ళిందో టవర్‌ను అడగండి. గాలి మీ కాగితం మీది అంకె దాటిందని వాళ్ళు చెబితే, రేడియోలో ఇన్‌స్ట్రక్టర్‌ను పిలిచి, ఏ రన్‌వేకి వెళ్ళమంటారో అడగండి.